గొర్రె పాలు తాగిన కుక్క

అనగనగా ఒక గుట్ట, గుట్ట కింద ఒక ఊరు. ఆ ఊళ్ళో సాయవ్వ అని ఒక గొర్రెల కాపరి ఉండేది. మొగుడు లేడు, పిల్లలు లేరు. మంద ఒక్కటే ఆమె బతుకు. గుట్ట మీద ఉండే తోడేళ్ళ జంట ఆ మందలోంచి ఒక్కో పిల్లనూ ఎత్తుకుపోయేది. ఇలాగే సాగితే మంద మిగలదని సాయవ్వకు దిగులు పట్టుకుంది.

అప్పుడు ఒక కుక్కను తెచ్చుకుంది. అది మహా నోరుగలది. మగ తోడేలు కనబడగానే మొరుగుతూ దాని వెంట పడింది. కుక్క గుట్ట దాటేసరికి ఆడ తోడేలు వెనక నుంచి వచ్చి గొర్రెపిల్లను పట్టుకుపోయింది.

ఆ తర్వాత ఇంకో కుక్కను తెచ్చి, చేత్తో అన్నం కలిపి పెట్టి పెంచింది. తోడేలు వస్తే ఆ కుక్క వచ్చి సాయవ్వ కాళ్ళ దగ్గర నిలబడి, ఆమెకు కాపలా కాసింది. అన్నం పెట్టింది గొర్రెలు కావు కదా. దాని తప్పేం లేదు.

ఆ తర్వాత ఒకనాడు, గొంగళ్ళు కొనడానికి దూరదేశం నుంచి వచ్చిన వర్తకుల కుక్క ఊరి బయట ఈని చచ్చిపోయింది. ఒక్క కూన మిగిలింది. అదే రోజు మందలో ఒక గొర్రెకు పుట్టిన పిల్ల కూడా పోయింది. కాపర్లకు ఒక పద్ధతి ఉంది. చచ్చిన పిల్ల తోలును తల్లిలేని గొర్రెపిల్లకు కప్పుతారు. ఆ వాసనకు తన బిడ్డే అనుకుని గొర్రె పాలిస్తుంది. సాయవ్వ ఆ తోలు తీసి కుక్కకూనకు కప్పింది. ఊరంతా నవ్వింది. గొర్రె మాత్రం వాసన చూసి, నాకి, పాలిచ్చింది.

కూన నడుమెత్తు కుక్క అయింది. ఉన్ని రంగు ఒళ్ళు, మెడ చుట్టూ దట్టమైన జూలు, వేలాడే చెవులు, ఇంత తలకాయ. మొరగదు, తోక ఊపదు, పిలిస్తే రాదు. పొద్దస్తమానం గొర్రెల మధ్యే పడుకునేది. సాయవ్వకు ఒళ్ళు మండింది. తిండికి దండగ, రేపు దీన్ని ఎవరికైనా ఇచ్చేస్తానంది.

మరునాడు మబ్బు పట్టింది. మగ తోడేలు వచ్చి ఎదురుగా నిలబడి ఊరించింది. సాయవ్వ కుక్కను ఉసిగొల్పింది, తిట్టింది, కర్ర కూడా విసిరింది. అది కదల్లేదు. అప్పుడు ఆడ తోడేలు వెనక నుంచి మందలోకి దూకింది. దూకిన చోటనే, గొర్రెల మధ్యలోంచి కుక్క లేచింది. కాసేపటికి ఆడ తోడేలు కుంటుతూ పారిపోయింది. మగది దాని వెంట పోయింది. మందలో ఒక్క పిల్ల కూడా తగ్గలేదు.

కుక్క భుజం చీరుకుపోయి నెత్తురు కారుతోంది. సాయవ్వ పసుపు పట్టుకుని, "రా బిడ్డా" అని పిలిచింది. అది ఆమె వంక చూసి, తనకు పాలిచ్చిన గొర్రె పక్కకు పోయి పడుకుంది. గొర్రె దాని గాయం నాకింది.

సాయవ్వకు బాధ వేసింది. సంతోషమూ వేసింది.

"ఇంక నేను పిలువ. దానికి తల్లి ఉన్నది" అంది. పసుపు పట్టుకుని తానే పోయి గొర్రెల మధ్య కూర్చుంది.

ఆ కుక్క సంతానాన్ని ఆ గుట్టల్లో అందరూ అలాగే పెంచారట, గొర్రె పాలతో. నీకూ ఒకటి కావాలా బుజ్జీ? అయితే ముందు గడ్డి మేయడం నేర్చుకో.

కథ కంచికి పోయె, మంద దొడ్డికి పోయె,
కళ్ళు మూసిన బుజ్జి కలలోకి పోయె.