బ్రేకుకు రాసిన నూనె

కొండమీది దొరకు పొద్దున్నే నిద్ర చెడితే మహా కోపం. పాలు మోసుకుంటూ కొండ దిగే బ్యాటరీ సైకిళ్ళ బ్రేకులు కీచుమంటున్నాయని, డిస్కులకు నూనె రాయమన్నాడు.

"నూనె తగిలితే బ్రేకు పట్టదు దొరా," అని మెకానిక్ సైదులు మొత్తుకున్నాడు. దొర వినలేదు, నౌకర్లతో రాయించాడు. మర్నాడే పాల గురవయ్య మలుపులో ఆగలేక లోయలో పడి చచ్చిపోయాడు.

గురవయ్య భార్య పంచాయితీ పెట్టించింది.

"నూనెదేం తప్పు? వాడికే తొక్కడం రాదు," అన్నాడు దొర.

"అంతేలెండి," అన్నాడు సైదులు. "ఇందాక మీ అబ్బాయి చిన్నదొర సైకిలుకీ నూనె రాసిచ్చాను. కొండ దిగుతున్నారు."

దొర చెప్పులు కూడా వేసుకోకుండా వీధిలోకి పరుగెత్తాడు. "ఆపండ్రా మావాణ్ణి! బ్రేకు పట్టదు!"

ఊరంతా విన్నది.

"రాయలేదులెండి దొరా," అన్నాడు సైదులు. "మీవాడూ మనిషేగా."