డెబ్బై మూడు ఎర్ర వరసలు

సూరాడపేట రేవులో నూకరత్నం అనే అమ్మాయి ఉండేది. బుర్ర చురుకైనదే గానీ, కంప్యూటరు తెర మీద ఎర్ర అక్షరం కనిపిస్తే చాలు, చదవకుండానే తిట్టి చెరిపేసేది.

తిట్లలో ఆమెకు సాటి రాగల మనిషి ఆ రేవులో ఒక్కతే, ఆమె మేనత్త పోలమ్మ. ముప్పై ఏళ్లుగా నెత్తిన చేపల గంప మోసిన మనిషి. చేపలమ్మే నలభై మంది ఆడవాళ్ల సంఘానికి పెద్ద. నూకరత్నం కాకినాడలో కంప్యూటరు చదువు ముగించి వచ్చి, ఇంటి ముందుగదిలో కూర్చుని సెల్‌ఫోన్లకు యాప్‌లు తయారు చేసేది.

ఆ రేవులో ఒక ఇబ్బంది ఉండేది. వేటకు వెళ్లిన పడవ తిరిగొచ్చి ఎక్కడ ఒడ్డుకు తగులుతుందో ముందుగా తెలిసేది కాదు. సముద్రం పోటు మీద ఉంటే పెద్దరేవుకు వచ్చేది. ఆటు మీద ఉంటే ఏరు సముద్రంలో కలిసే మొగ దగ్గరికి వచ్చేది. మొగలో ఇసుక మేట వేస్తే ఐసు ఫ్యాక్టరీ వెనక్కి వచ్చేది. ఒక చోటి నుంచి ఇంకో చోటికి మైలు పైనే నడవాలి. పడవ తగిలినప్పుడు అక్కడ ఎవరుంటే వాళ్లే వేలం పాడుకునేవారు. ఆ కబురు ముందుగా తెలిసేది దళారి సన్యాసిరావుకు మాత్రమే. పడవ నడిపే సరంగులు అతనికే ఫోను చేసేవారు. అతను తన మాట వినేవాళ్లకే చెప్పేవాడు. చెప్పినందుకు గంపలోంచి ఒక మంచి చేప ఏరుకునేవాడు. ఎదురు మాట్లాడిన మనిషికి ఆ వారమంతా ఖాళీ గంపే.

"ఈయన నోరు ఎప్పుడు తెరుస్తాడా అని మనం కాసుకు కూర్చోడం ఏటే?" అంది పోలమ్మ ఒకరోజు. "సరంగు తన ఫోన్లో ఒక మీట నొక్కాల. మా నలభై ఫోన్లూ ఒక్కసారి మోగాల. పడవ ఎక్కడికొస్తాదో అందులో కనపడాల. చెయ్యగలవా?"

"అదెంత పనత్తా! నెల్లాళ్లు చాలు," అంది నూకరత్నం.

అప్పుడు వేట నిషేధం నడుస్తోంది. రెండు నెలల పాటు పడవలు కదలకూడదు. ఈ సంగతి విన్న సన్యాసిరావు పడవల యజమానులందరి ముందూ ఒక షరతు పెట్టాడు. నిషేధం తీరి పడవలు వేట నుంచి తిరిగొచ్చే తొలి రోజుకు యాప్ అందరి ఫోన్లలో మోగితే, తాను ఇక అడ్డు రాడు. మోగకపోతే, ఏడాది పొడుగునా ఆయన చెప్పినట్టే నడుచుకుంటామని సంఘమంతా కాగితం మీద సంతకాలు పెట్టాలి. ఆయన నవ్వుతూ అడిగాడు. పోలమ్మ నవ్వకుండా ఒప్పుకుంది.

నెల తిరిగేసరికి యాప్ చాలావరకు తయారైంది. అయితే దాన్ని ఫోను కంపెనీ వాళ్లు ఇచ్చిన అధికారిక పనిముట్టుతోనే కట్టాలి. ఆ పనిముట్టు వైభోగం కాస్త చెప్పుకోవాలి. అది తెరుచుకునేసరికి పొయ్యి మీద ఎసరు మరిగేది. అందులో ఒక ఉత్తుత్తి ఫోను ఉండేది. అది కళ్లు తెరిచేసరికి అన్నం ఉడికి, వార్చడం కూడా అయిపోయేది. పోనీలే అని అసలు ఫోనునే తీగతో తగిలిస్తే, "ఫోనేదీ తగిలించలేదు" అనేది. ఫోను దాని ముక్కు కిందే ఉండేది! కంపెనీ పండితులు రాసిన మార్గదర్శిలో "కుడివైపున్న మీట నొక్కండి" అని ఉండేది. కుడివైపు గోడలాగా ఖాళీగా ఉండేది. ఆ మీటను పోయినేడే పీకేశారు. పీకేసిన సంగతి మార్గదర్శికి చెప్పడం మరిచారు. అది చాలదన్నట్టు, నాలుగు రోజులకోసారి "కొత్త రూపం వచ్చింది, తెచ్చుకుంటారా?" అని అడిగేది. తెచ్చుకుంటే, నిన్నటిదాకా ఒప్పన్నది ఇవాళ తప్పనేది.

గడువు ఇంకా పదహారు రోజులు ఉందనగా మళ్లీ అడిగింది. నూకరత్నం ముందూ వెనకా చూడకుండా సరే అని నొక్కింది. అంతే. అంతవరకూ నడిచిన యాప్ చతికిలబడింది. తెర నిండా ఎర్ర వరసలు పాలు పొంగినట్టు పొంగాయి. అడుగున లెక్క కూడా వేసి చూపించింది: డెబ్బై మూడు తప్పులు.

"నీ మొహం మండ! నిన్న లేని రోగం ఇవాళ ఎక్కణ్నుంచొచ్చింది?" అని నూకరత్నం ఆ వరసలన్నీ చెరిపేసింది. మళ్లీ నడిపింది. మళ్లీ డెబ్బై మూడు. మళ్లీ చెరిపేసింది. కంప్యూటరు ఆపి తెరిచింది. పనిముట్టునే పూర్తిగా తీసిపారేసి, కొత్తగా దించుకుంది. ఆ రేవులో ఇంటర్నెట్టు నడిచే నడకకు అది దిగేసరికి ఒక పూట గడిచింది. దిగాక చూస్తే, అవే డెబ్బై మూడు, పుట్టింటికి వచ్చినట్టు వచ్చి కూర్చున్నాయి.

అప్పుడామె అట్టడుగున ఉన్న వరసలోంచి నాలుగు ముక్కలు తీసి ఇంటర్నెట్టులో వెతికింది. ఎవరెవరో ముక్కూ మొహం తెలియనివాళ్లు ఆ నాలుగు ముక్కలకూ మందులు రాసి పెట్టారు. కనిపించిన మందల్లా తెచ్చి యాప్‌లో పోసింది. ఆరు మందులు పడ్డాక, డెబ్బై మూడు తప్పులు కాస్తా తొంభై ఒకటి అయ్యాయి.

అలా తొమ్మిది రోజులు బుగ్గిపాలయ్యాయి.

సన్యాసిరావు మోటారుసైకిలు మీద పోతూ ఆమె గుమ్మం ముందు ఆగాడు. "ఏమ్మా ఇంజనీరూ, నీ యాపు ఇంకా ఉడకలేదా? నేను కాగితం రాయించి ఉంచాను."

"తప్పు నాది కాదు. పనిముట్టుది," అంది నూకరత్నం.

"ఎవరి తప్పయితేనేంటమ్మా? సంతకాలు మాత్రం మీవేగా," అని నవ్వుకుంటూ వెళ్లిపోయాడు.

ఆ మాట సూదిలా దిగింది. సాయంత్రం పోలమ్మ వచ్చేసరికి నూకరత్నం తెర ముందు కూర్చుని పళ్లు కొరుకుతోంది. తెర ఎర్రగా ఉంది. చెరపడానికి ఆమె వేలు మీట మీదికి పోయింది. పోలమ్మ టక్కున మణికట్టు పట్టుకుంది.

"ఆగవే. ఎందుకు చెరుపుతావు? అదేదో చెప్తంది కదా."

"అదేం చెప్పదత్తా. ఊరికే తిడతాది."

"ఏమని తిడతంది?"

నూకరత్నం తొమ్మిది రోజులుగా దానితో పోట్లాడుతోంది గానీ, అది ఏమంటోందో ఆమెకు తెలియదు.

"చదవలేదా?" అంది పోలమ్మ. "ఓసి నీ చదువు తగలెయ్య! నాకైతే ఇంగిలీసు రాక ఊరుకున్నాను. నీకేమొచ్చిందే మాయరోగం?"

"అడుగు వరస చదివానత్తా. దానికి ఆరు మందులు కూడా వేశాను."

"అడుగుదా?" పోలమ్మ పక్కనే పీట లాక్కుని కూర్చుంది. "ఇలా చూడు. వేలంలో గంప దించగానే యాభై గొంతులు లేస్తాయా? అందులో గంపలోకి వంగి, చేప మొప్ప ఎత్తి చూసి పాడేది ఎవరు? మొదట పాడిన మనిషి. మిగతావాళ్లం ఆ పాట విని పాడేవాళ్లమే. ఆఖర్న అరిచినోణ్ని పట్టుకుని, సరుకు సంగతి చెప్పరా అంటే వాడికేం తెలుస్తాది? మొదట అరిచిందెవరో చూడు."

ఆ దిక్కుమాలిన పనిముట్టు ఎప్పుడూ అడుగు వరసనే కళ్ల ముందు పెట్టేది. పైకి జరిపి చూడాలని నూకరత్నానికి ఒక్కనాడూ తోచలేదు. మొదట ఆ ఆరు మందుల్నీ తీసేయడానికి కూర్చుంది. తీసి నడిపితే తొంభై ఒకటి మళ్లీ డెబ్బై మూడయ్యాయి. ఇప్పుడు తెరను పైకి జరిపింది. జరిపింది, జరిపింది. అన్నిటికన్నా పైన ఒక పొట్టి వరస ఉంది. దాన్ని వేలు పెట్టి, గట్టిగా, తెలుగులో చెబుతూ చదివింది.

"ఫలానా ఫైల్లో పద్నాలుగో వరసలో రాసిన అంకె పాతది. ఈ కొత్త రూపం దాన్ని ఒప్పుకోదు. కొత్త అంకె ఇది."

"అంతేనా?" అంది పోలమ్మ.

"అంతే."

ఆ ఫైలు తెరిచింది. చూసి తెల్లబోయింది. అది ఆమె రాసింది కానే కాదు. కంపెనీ వాళ్లే నమూనాగా రాసి ఇచ్చిన ఫైలు! వాళ్ల కొత్త రూపానికి వాళ్ల నమూనాయే పడలేదు. నూకరత్నం పద్నాలుగో వరసలో ఒక్క అంకె మార్చింది. నడిపింది. ఎర్ర వరసలు మొత్తం మాయమయ్యాయి. మిగతా డెబ్బై రెండూ ఆ ఒక్క దాని వెనక అరిచినవే. నూకరత్నం తన ఫోన్లో మీట నొక్కగానే, పరీక్షకని ముందే యాప్ ఎక్కించి ఉంచిన పోలమ్మ ఫోను ఆమె ఒడిలో గణగణా మోగింది. ఆమె ఉలిక్కిపడి పీట మీంచి లేచింది.

"మోగిందే! నీ అమ్మ కడుపు చల్లగా, మోగిందే!"

ఇక ఒక్క మెట్టు మిగిలింది. యాప్ జనం ఫోన్లలోకి చేరాలంటే కంపెనీ వాళ్ల యాప్‌ల దుకాణం ఒప్పుకోవాలి. నూకరత్నం పంపింది. మూడు రోజులు ఉలుకూ పలుకూ లేదు. నాలుగో రోజు పొద్దున ఉత్తరం వచ్చింది: "తిరస్కరించాం." గడువు మూడు రోజులే ఉంది.

పాత నూకరత్నమైతే ఆ ఉత్తరాన్ని తిట్టి చెత్తలో వేసేది. ఈ నూకరత్నం కూడా తిట్టింది. తిట్టి, చదివింది. మనుషులు ఎక్కడున్నారో ఫోను అస్తమానం కనిపెట్టి చూస్తోందని, అది నియమాలకు విరుద్ధమని ఉత్తరంలో ఉంది. నియమాల కాగితం ముప్పై ఒక్క పేజీలు. అరటి గెలలా వేలాడే వాక్యాలు. తెలియని మాట తగిలినప్పుడల్లా నిఘంటువు తీసింది. పందొమ్మిదో పేజీలో ఒక వాక్యం దొరికింది: మనిషి తానే మీట నొక్కి, ఆ ఒక్క క్షణం తన చోటు తెలిపితే, ఆ నియమం వర్తించదు.

"సరంగు చేసేది అదే కదా! మరి వీళ్లకేం నొప్పి?" అనుకుని, నోరు పారేసుకునే ముందు తన యాప్‌ను మొదటి వరస నుంచి చదువుకుంది. అక్కడ దొరికింది. తీసేశాననుకున్న ఆరు మందుల్లో ఒకదాని తోక మిగిలిపోయింది. మనుషులు ఎక్కడున్నారో అస్తమానం కనిపెట్టి చూసేది ఆ తోకే. అంటే ఈసారి తప్పు తనదే. నూకరత్నం ఎవరినీ ఏమీ అనకుండా దాన్ని కోసి పారేసింది.

తర్వాత కంపెనీకి జవాబు రాసింది. తన తప్పు ఏ వరసలో ఉందో, ఎలా దిద్దిందో చెప్పింది. ఇక యాప్‌కు అడ్డు లేదని పందొమ్మిదో పేజీ చూపించింది. అక్కడితో ఆగితే ఆమె పోలమ్మ మేనకోడలు కాదు. కింద ఇంకా రాసింది: "మీ నమూనా ఫైలు పద్నాలుగో వరసలో మీ తప్పు ఒకటుంది. దానివల్ల నాకు తొమ్మిది రోజులు పోయాయి. మీ నియమాలు ముప్పై ఒక్క పేజీలూ నేను చదివాను. మీ నమూనా ఒక్క పేజీ మీరూ చదువుకోండి."

మర్నాడు మధ్యాహ్నానికే జవాబు వచ్చింది. యాప్‌ను ఒప్పుకున్నారు. నమూనా ఫైలును దిద్దామని, చూపించినందుకు కృతజ్ఞతలని కూడా రాశారు. పోలమ్మ ఇల్లిల్లూ తిరిగి నలభై ఫోన్లలోకీ, సరంగుల ఫోన్లలోకీ దాన్ని ఎక్కించింది. సరంగుల్లో సగం మంది సంఘంలోని వాళ్ల మొగుళ్లూ తమ్ముళ్లే. వేటకు బయలుదేరే ముందు ఒక్కొక్కరి చేతా మీట నొక్కించి చూసింది.

పడవలు తిరిగొచ్చే రోజు వచ్చింది. పొద్దున్నే సన్యాసిరావు పెద్దరేవులో కుర్చీ వేయించుకుని, గొడుగు పట్టించుకుని కూర్చున్నాడు. చేతిలో కాగితం. ఆడవాళ్లు గంపలు పట్టుకుని నిలబడ్డారు. ఎవరి మొహంలోనూ నెత్తురు లేదు. నూకరత్నం వాళ్ల పక్కనే నిలబడి ఫోను వంకే చూస్తోంది.

ఉన్నట్టుండి నలభై ఫోన్లూ ఒక్కసారిగా మోగాయి. కొంగుల్లో, జాకెట్లలో, గంపల అడుగున, ఒకటే గణగణ. తొలి పడవ ఐసు ఫ్యాక్టరీ వెనక్కి వస్తోంది!

"పదండే!" అని పోలమ్మ కేక పెట్టింది. చీరలు ఎగదోపుకుని, నలభై మందీ ఇసుక ఎగజిమ్ముకుంటూ పరిగెత్తారు.

సన్యాసిరావు సరంగుకు ఫోను చేశాడు. "ఒరేయ్, ఎక్కడికొస్తన్నార్రా? నాకు చెప్పలేదేం?"

"మీట నొక్కేశాం కదండీ. మళ్లీ ఫోనెందుకండీ?" అన్నాడు సరంగు.

ఆయన గొడుగు వదిలేసి, ఆయాసపడుతూ మైలు దూరం నడిచి వచ్చేసరికి వేలం సగం అయిపోయింది. గంపలు నిండుతున్నాయి. ఆయన ఎప్పుడూ కబురు చెప్పని ముసలి బంగారమ్మ గంపలో ఆ రోజు పెద్ద వంజరం చేప పడింది. ఎవరూ ఏరి తీసుకోలేదు. ఆమె దాన్ని చూస్తూ నోట కొంగు పెట్టుకుని నవ్వింది.

సన్యాసిరావు నూకరత్నం పక్కకు వచ్చి, గొంతు తగ్గించి అడిగాడు. "అమ్మాయీ, ఆ యాపేదో నా ఫోన్లో కూడా పెడుదూ."

"పెట్టుకోండి బాబాయ్. అందరికీ ఒకటే గంట," అంది నూకరత్నం. "ఇకనుంచి మీరూ మాతోపాటు పరిగెత్తాలి, అంతే."

రేవంతా గొల్లున నవ్వింది. ఆడవాళ్లు నూకరత్నాన్ని అమాంతం భుజాల మీదికి ఎత్తుకున్నారు. ఆ రోజు నుంచి సూరాడపేటలో ఏ ఆడమనిషీ పడవ కబురు కోసం ఒకరి మొహం చూడలేదు.

కాబట్టి పిల్లలూ, ఎదురైన ఆటంకాన్ని చదవకుండా తిట్టి చెరిపేసేవాళ్లకు అది మళ్లీ మళ్లీ వస్తుంది. మొదటి మాట నుంచి ఓపికగా చదివేవాళ్లు తమ తప్పు తాము దిద్దుకుంటారు, ఎదుటివాళ్ల తప్పు వాళ్ల చేతే దిద్దిస్తారు.