ఆఖరి విస్తరి

పరాంకుశం ఆశ్రమంలోకి వస్తూనే చేతిలోని సంచి అరుగు మీదకి విసిరికొట్టాడు. ముఖం కందగడ్డలా ఉంది.

"పదేళ్ళుగా పత్రికకు వార్తలు రాస్తున్నాను గురువుగారూ. ఒక్క అబద్ధం రాయలేదు. ఇవాళ చేపలమ్ముకునే మనిషి నన్ను నడివీధిలో కడిగేసింది!"

సంగతేమిటంటే, తుపాను వెళ్ళిన వారానికి అతను 'ఊరు తేరుకుంది' అని రాశాడు. అది చూసి పట్నం నుంచి వచ్చే బియ్యం లారీలు ఆపేశారు. సముద్రం ఒడ్డున జాలర్ల పాలెం ఇంకా నీళ్ళలోనే ఉంది. పిల్లలు మూడు రోజులుగా గంజినీళ్ళతో సరిపెట్టుకుంటున్నారు. మన మహానుభావుడు అటు అడుగైనా పెట్టలేదు. చేపలమ్మే నూకాలమ్మ నిలదీసింది అందుకే.

"మమ్మల్ని అడక్కుండా ఎలా రాసేసేవు బాబూ? మీ పేపర్లో మా పాలెపోడు ఒక్కడైనా ఉన్నాడేటి?"

ఆ మాటకే పరాంకుశానికి ఒళ్ళు మండింది.

"సర్పంచిగారిని అడిగాను, హెడ్మాస్టారిని అడిగాను. వాళ్ళు అబద్ధమాడే మనుషులు కారు గదా!"

భోజనాల వేళయింది, కూర్చోమన్నారు గురువుగారు.

ఆ ఆశ్రమంలో ఒక పద్ధతి ఉంది. వడ్డన అయ్యాక గురువుగారు వరసలో ఆఖరున కూర్చున్నవాణ్ణి "అందరికీ అందిందా?" అని అడుగుతారు. అతను అందిందన్నాకే అందరూ ముద్ద ఎత్తాలి.

ఆలస్యంగా వచ్చినందువల్ల ఆ వేళ పరాంకుశానికి ఆఖరి విస్తరి దొరికింది. గురువుగారే వడ్డించుకుంటూ వచ్చారు. పక్కవాడిదాకా వడ్డించి, గిన్నెతో వెనక్కి తిరిగారు. నేరుగా మొదటి విస్తరి దగ్గరికి వెళ్ళి, పెద్ద శిష్యుడు సోమయాజుల్ని అడిగారు.

"అందరికీ అందిందా?"

సోమయాజులు తన విస్తరి చూసుకున్నాడు. పక్క విస్తరి చూశాడు.

"అందింది గురువుగారూ."

అందరూ అన్నం కలిపారు.

పరాంకుశం ఇక ఉండబట్టలేకపోయాడు. "ఇదేం అన్యాయం! నన్ను అడిగితే తెలిసేది కదా! రోజూ ఆఖరి విస్తరినే కదా అడుగుతారు!" అని అరిచాడు.

గురువుగారు నింపాదిగా అతని వైపు చూశారు.

"సోమయాజులు అబద్ధమాడే మనిషి కాడు నాయనా."

పరాంకుశం ఖాళీ విస్తరి వంక చూశాడు. గురువుగారు గిన్నె తెచ్చి వడ్డించబోతే చెయ్యి అడ్డం పెట్టాడు. లేచి, అరుగు మీది సంచి భుజాన వేసుకుని, ఆకలితోనే పాలెం దారి పట్టాడు.