సముద్రం ఎవరిది?

ఒక రాజ్యపు చివర, ఊళ్లకు దూరంగా, నూకాలు ఒంటరిగా ఉప్పు పండించేది. మునుపు ఆలుమగలిద్దరూ కలిసి ఉప్పుమడి అడుగు గట్టిపడేలా తొక్కి, సముద్రపు నీరు పెట్టి ఎండకు వదిలేవారు. కిందటి తుపానులో మొగుడు దానయ్యను సముద్రం లాక్కుపోయింది. ఇప్పుడు మడి తొక్కేది ఆమె ఒక్కతే. మాట కలిపే మనిషి లేడు.

ఓనాడు సుంకాల అధికారి భటులతో, ఖాళీ బండితో వచ్చి గుర్రం దిగాడు. "ఏమే, సముద్రం రాజుగారిది. ఆ నీటితో పండిన ఉప్పూ ఆయనదే. కుప్పలు బండికెత్తి, మడి వదిలి పో!"

నూకాలు ముఖం వెలిగింది. "నిజంగా రాజుగారిదేనా బాబూ? ఎవర్ని అడగాలో తెలీక ఇన్నాళ్లూ ఊరుకున్నాను. మీ సముద్రం మా మావను పట్టుకుపోయింది. ఆయన్ని ఇప్పించండి, ఉప్పంతా నేనే మోస్తాను."

"పిచ్చిదానా! సముద్రం చేసినదానికి రాజుగారేం చేస్తారు? అదేమైనా ఆయన మాట వింటుందా?"

"అది చేసే చెరుపు ఆయనది కానప్పుడు, అది ఇచ్చే ఉప్పు మాత్రం ఆయనదెలా అవుతుంది బాబూ?"

భటులు మొహాలు తిప్పుకుని నవ్వుకున్నారు. అధికారి గుర్రమెక్కి, ఖాళీ బండిని వెనక్కి తిప్పించాడు.

ఉప్పు దక్కింది, మడీ దక్కింది. నూకాలు మాత్రం గట్టు మీద కూలబడిపోయింది. 'సరే, ఇప్పిస్తాం' అంటాడేమోనని, ఒక్క క్షణం ఆమె నిజంగానే ఎదురుచూసింది.