గవ్వలు లేని అష్టాచెమ్మా

వైజయంతికి వచ్చిన కష్టం మామూలు మనుషులకి రాదు. ఏ విషయం చేతికిచ్చినా అటూ గెలవగలదు, ఇటూ గెలవగలదు. యూనివర్సిటీ రోజుల్లో డిబేట్‌కి వెళ్తే, అనుకూలమా వ్యతిరేకమా అని చీటీ తీసేదాకా తనది ఏ పక్షమో తనకే తెలిసేది కాదు. చీటీ తీశాక మాత్రం అవతలివాళ్ళకి మంచినీళ్ళు తాగే వ్యవధి ఇచ్చేది కాదు.

ఆ నాలుకే ఆమెకి చిన్న వయసులో పెద్ద ఉద్యోగం తెచ్చిపెట్టింది. ఆ నాలుకే ఇవాళ పీకల మీదికి తెచ్చింది.

విశాఖపట్నంలో మిణుగురు అని ఒక వీడియో గేముల కంపెనీ ఉంది. ఆటలు తయారుచేస్తుంది. ఆ ఆటలు ఆడుకోవడానికి టీవీకి తగిలించే యంత్రాన్నీ తనే తయారుచేస్తుంది. లోకం దాన్ని కన్సోల్ అంటుంది. మిణుగురులో అందరూ పెట్టె అనే అంటారు. ఏటికేడు పెట్టెలు తక్కువ అమ్ముడవుతున్నాయి. ఇంటింటా ఫోన్లు, కాస్త కలిగినవాళ్ళ ఇళ్ళలో విదేశీ కంపెనీల యంత్రాలు. మన ఆటల్ని వాటి మీదికే ఎక్కించేసి, ఆటోనగర్‌లో పెట్టెలు చేసే షెడ్డు మూసేద్దామా, వద్దా? సోమవారం పొద్దున్న బోర్డు తేల్చాలి. బోర్డు సగానికి సగం చీలిపోయింది. ఛైర్మన్ కృపానందం గారు వైజయంతిని పిలిచి, "ఎటు తేల్చాలో నువ్వు చెప్పమ్మా. నువ్వు ఎటు మాట్లాడితే అటు మొగ్గుతుంది, నాకు తెలుసు," అన్నారు.

ఆమె రెండు ఉపన్యాసాలూ తయారుచేసుకుంది. అద్దం ముందు నిలబడి రెండూ చెప్పుకుంది. రెండూ గెలిచాయి.

అంతటితో పోతే బాగుండేది. ఆ సాయంత్రం షెడ్డు మీదుగా వెళ్తుంటే, పెట్టెల మూతలు బిగించే ఆడవాళ్ళు ఒకరితో ఒకరు అనుకోవడం చెవిన పడింది. "మన మేడమ్ మాట్లాడుతుందట. ఇంకేం భయం! ఆవిణ్ణి మాటల్లో కొట్టేవాడు పుట్టాలి." వాళ్ళ నమ్మకం విని ఆమె తల వంచుకుని గబగబా గేటు దాటేసింది. తను ఎవరి వైపు మాట్లాడుతుందో వాళ్ళు అడగను కూడా లేదు.

తెల్లారి ఆదివారం సెలవు. ఆమె భీమిలి బస్సెక్కింది.

భీమిలిలో జోగారావు మాస్టారు ఉంటారు. మిణుగురు మొదటి ఆటలు ఆయన చేతిలోంచి వచ్చినవే. గాలిపటాల ఆట ఆయనదే. పెట్టె తాలూకు చేతిపిడికి పక్కన చిన్న చక్రం ఉంటుంది చూశారూ, దారం చుట్టే చరఖాలా, ఆ చక్రం తిప్పుతూ పటం ఎగరేస్తుంటే పిల్లలు అన్నాలు మానేసేవాళ్ళు. కంపెనీ వదిలేశాక ఆయన ఇంట్లోనే నలుగురైదుగురికి ఆటలు కట్టడం నేర్పుతున్నారు. నేర్పడమంటే ఊరికే కాదు. ఆయన దగ్గర చేరినవాళ్ళు మొదటి ఏడాది కంప్యూటర్ ముట్టుకోకూడదు. పులిజూదం, వామనగుంటలు, అష్టాచెమ్మా, ఇవే. ఆడాలి, ఓడాలి, ఎందుకు ఓడారో చెప్పకుండా మళ్ళీ ఆడాలి. కారణాలు చెప్పకూడదన్న ఆ నియమం దగ్గరే ఎంతోమంది పెట్టే బేడా సర్దుకున్నారు. వైజయంతి సర్దుకోలేదు. పళ్ళు బిగబట్టి ఏడాది ఓడింది. అందుకే ఆమె మీద ఆయనకి ఇష్టం.

ఆమె వెళ్ళేసరికి మాస్టారూ, ఆయన భార్య నరసాయమ్మ గారూ వరండాలో అష్టాచెమ్మా ఆడుతున్నారు. గచ్చు మీద సుద్దతో గీసిన గడి. ఆవిడవి గాజుముక్కలు, ఆయనవి కుంకుడు గింజలు.

"రావే వైజయంతీ! సమయానికి వచ్చావు. మీ మాస్టారి కాయని ఇప్పుడే చంపాను. ఏడుస్తున్నారు, ఓదార్చు," అంది నరసాయమ్మ గారు.

"ఏడవడం కాదు, కంట్లో నలుసు పడింది," అన్నారు మాస్టారు.

వైజయంతి మెట్టు మీద కూర్చుంది. కూర్చున్నది కూర్చున్నట్టే మొదలుపెట్టింది. ముందు మూసేయాలన్న పక్షం.

"పాలు తాగాలంటే గేదెని కొనుక్కోవాలా మాస్టారూ? మనకి చేతనైంది ఆట కట్టడం. ఇనుమూ ప్లాస్టిక్కూ మనకెందుకు? ప్రతి ఇంట్లోనూ ఏదో ఒక యంత్రం ఉంది. అన్నిటి మీదా మన ఆట ఉంటే ఎన్ని లక్షలమంది ఆడతారు! మన పెట్టె కొన్నవాళ్ళే మన ఆట ఆడాలనడం, మా ఇంటికి వస్తేనే పాట పాడతాననడం లాంటిది."

"బాగుంది," అన్నారు మాస్టారు.

వెంటనే రెండో పక్షం. "పెట్టె మానేస్తే మనం అద్దెకున్నట్టే. గోడకి మేకు కొట్టాలన్నా ఇంటాయన్ని అడగాలి. రేపు వాళ్ళు చక్రం వద్దంటే చక్రం ఉండదు. గాలిపటాల ఆటని ఫోన్‌లోకి ఎక్కించారు కదా, ఏమైంది? అద్దం మీద వేలితో రాస్తుంటే పటం ఎగిరినట్టు ఉందా, ఈగని తోలినట్టు ఉందా?"

"ఇదీ బాగుంది," అన్నారు మాస్టారు.

"బాగుందంటే కాదు మాస్టారూ! ఏది నిజం?"

మాస్టారు గడి మీద ఉన్న నాలుగు గవ్వలూ ఏరి చొక్కా జేబులో వేసుకున్నారు. లోపలికి వెళ్ళి, పక్కింటి పిల్లలు వదిలేసి పోయిన లూడో డబ్బాలోంచి ప్లాస్టిక్ పాచిక తెచ్చి గడి మధ్యలో పెట్టారు.

"నా బదులు నువ్వు ఆడు," అని పక్కకి జరిగి గోడకి ఆనుకున్నారు.

నరసాయమ్మ గారు పాచికని అనుమానంగా చూసింది. "ఇదేమిటి? ఇందులో అష్టా ఎక్కడేడిసింది?"

"ఆడి చూడు."

ఆడారు. ఆవిడకి మొదటే ఆరు పడింది. గాజుముక్కని జరిపింది. పక్కనున్న ఇంటిని, అంటే కాయకి చావు లేని ఆ ఇంటూ గుర్తు గడిని, దాటి రెండడుగులు అవతల పడింది. వైజయంతికి ఐదు. ఆమె గింజ కూడా ఇల్లు దాటి ఒక గడి అవతల నిలబడింది. మళ్ళీ ఐదు, మళ్ళీ ఆరు. ఎవరి కాయ చూసినా బయటే. రెండు పందేలు తిరక్కుండానే చంపుకోవడం మొదలైంది.

"ఇదేం ఆట తల్లీ!" అని మొత్తుకుంది నరసాయమ్మ గారు. "ఇల్లు చేరే దారే లేదు. ప్రతివాడూ గడప దాటిపోయి నడివీధిలో నిలబడుతున్నాడు!"

వైజయంతి చెయ్యి ఆగింది. గడి వంక చూసింది. తన ఇంటి నుంచి వేలు పెట్టి లెక్కపెట్టింది. చెమ్మా పడితే, అంటే నాలుగు, సరిగ్గా పక్కింటికి. అష్టా పడితే, అంటే ఎనిమిది, సరిగ్గా ఎదుటింటికి. ఏడాది పొడుగునా ఈ గడి మీద ఓడిన మనిషి, ఈ సంగతి ఇవాళ చూస్తోంది. నాలుగు గవ్వలూ వెల్లకిలా పడితే చెమ్మా, నాలుగూ బోర్లా పడితే అష్టా. గవ్వలు ఎలా పడతాయో చూసి, వాటికి తగ్గట్టు ఎవరో ఇళ్ళు కట్టారు. గడి తర్వాత గీశారు.

కానీ డిబేట్‌లో పుట్టి పెరిగిన బుర్ర అంత తేలిగ్గా లొంగుతుందా?

"దీనికో ఉపాయం ఉంది పిన్నిగారూ. ఐదు పడితే లెక్కలేదు, మళ్ళీ వేద్దాం. ఆరు పడితే అష్టా అనుకుందాం."

"అనుకుందామా? అష్టా అనుకుంటే పడుతుందిటే!"

"ఆడి చూద్దాం."

ఈసారి ఆట నడిచింది. నిజంగానే నడిచింది. కాయలు ఇళ్ళు చేరుతున్నాయి, ఎదుటింటికి గెంతుతున్నాయి. వైజయంతి విజయగర్వంతో మాస్టారి వంక చూసింది. చూశారా, సర్దుకుంది!

మాస్టారు బుద్ధిగా తల ఊపారు. "నడుస్తోంది."

అష్టా పడింది. మళ్ళీ పడింది. మళ్ళీ. ఒకటి ఎన్నిసార్లు పడుతోందో అష్టా కూడా అన్నిసార్లు పడుతోంది. గవ్వలతో ఆడేటప్పుడు అష్టా పడితే నరసాయమ్మ గారు వేసే కేకకి వీధిలో పోయేవాళ్ళు ఆగి చూసేవాళ్ళు. ఇప్పుడు ఆవిడ "ఊఁ, అష్టా," అని కాయ జరిపి, ఆవలించింది. ఇంకో రెండుసార్లు వేసి లేచి నిలబడింది.

"టీ పెడతాను. నా కాయలు కూడా నువ్వే జరిపెయ్."

వైజయంతి నోరు తెరిచింది. వాన కురిసి వరండాలోకి నీళ్ళొచ్చినా, పొయ్యి మీద కూర మాడినా ఆవిడ ఆట మధ్యలో లేవడం ఆ ఇంట్లో ఎవరూ చూడలేదు.

ఆమె ఇద్దరి కాయలూ తనే జరపబోయి మానేసింది.

"గవ్వలు ఇవ్వండి మాస్టారూ."

"ఏ గవ్వలు?"

"మీ జేబులోవి."

"ఓ, అవా. ఇవ్వడానికేం, ఇస్తాను." మాస్టారు జేబు మీద చెయ్యి వేసుకున్నారు. "ఇవాళ ఇస్తాను. రేపు ఇవ్వబుద్ధి కాకపోతే?"

ఆమె దగ్గర దీనికి జవాబులున్నాయి. ఒకటి కాదు, నాలుగున్నాయి. ఒప్పందం రాసుకోవచ్చు. పక్కూళ్ళో ఇంకెవరి గవ్వలైనా అడగొచ్చు. నాలుక చివరిదాకా వచ్చాయి. అక్కడే ఉండిపోయాయి.

లేచి వంటింట్లోకి వెళ్ళింది. "పిన్నిగారూ, చింతపిక్కలున్నాయా?"

"అటక కింద డబ్బాలో ఉన్నాయి. ఏం చేస్తావే?"

గుప్పెడు తెచ్చి, వరండా చివర గరుకు రాతి మెట్టు మీద కూర్చుని, ఒక పిక్కని బొటనవేలితో నొక్కిపట్టి అరగదీయడం మొదలుపెట్టింది. పిక్క తోలు అంత తేలిగ్గా ఊడదు. జారిపోతుంది. పట్టు చిక్కాక వేడెక్కుతుంది. అరగదీసిన పిక్క ఎంత చురుక్కుమంటుందో, చిన్నప్పుడు పక్కవాళ్ళ మోచేతికి అంటించి ఏడిపించినవాళ్ళకి తెలుసు. నల్లటి తోలు పోయి, ఒకవైపు తెల్లటి పప్పు తేలింది. ఒకటి అయింది. రెండోది సగంలో చిట్లింది. ఇంకోటి తీసుకుంది. చివరికి నాలుగూ అయ్యేసరికి చీరకొంగు నిండా పొడి.

గుప్పిట్లో గలగలలాడించి గచ్చు మీద వేసింది.

గవ్వల్లా పడలేదవి. పడే తీరే వేరు. అరగదీసిన వైపు చదునుగా ఉంది కదా, అదే నేలకి అతుక్కుంటోంది. ఎక్కువసార్లు నల్లవైపే పైకి వస్తోంది. మళ్ళీ వేసింది. మళ్ళీ. కళ్ళు చిన్నవి చేసుకుని ఒక పిక్కని తీసి మరికాస్త అరగదీసి, అందులో కలిపి వేసింది. ఇంకోలా పడ్డాయి. ఆమెకి పక్కన మాస్టారు ఉన్న సంగతీ, బోర్డు సంగతీ జ్ఞాపకం ఉన్నట్టు లేదు. పెదవులు కదులుతున్నాయి గానీ మాట రావడం లేదు. ఆ నోరు అంతసేపు మూసుకుని ఉండటం మాస్టారికి కూడా కొత్తే.

తర్వాత అరచేత్తో గడిలో ఒక ఇంటి గుర్తు చెరిపేసింది. సుద్దముక్క తీసుకుని, రెండు గడులు అవతల గీసింది. వెనక్కి వాలి చూసింది. అదీ చెరిపింది.

నరసాయమ్మ గారు టీ గ్లాసులతో వచ్చి గుండెలు బాదుకుంది. "నా గడి చెరిపేశావేమే! పెళ్ళయినప్పటి నుంచీ గీస్తున్నాను, ఎవరూ గీటు కదపలేదు!"

"ఈ పిక్కలకి ఆ ఇల్లు అక్కడ కుదరదు పిన్నిగారూ. కూర్చోండి, ఒక్క పందెం వెయ్యండి. అష్టా పడకూడదు, పడిందో మీ కాయ మొదటికి పోతుంది."

"అష్టా పడితే పోవడమా! ఇదెక్కడి విడ్డూరం?" అంటూనే ఆవిడ గ్లాసులు పక్కన పెట్టి చతికిలబడింది. పిక్కలు చేతిలోకి తీసుకుంది. ఊపిరి బిగబట్టి వేసింది. నాలుగూ నల్లగా, అంటే అష్టా, పడబోయి, చివరిది దొర్లి తెల్లవైపు తేలింది.

ఆవిడ వేసిన కేకకి వీధిలో సైకిలాయన ఆగి చూశాడు.

అప్పుడు ఫోన్ మోగింది. కృపానందం గారు.

"ఏమ్మా, తేలిందా? ఉంచుదామంటావా, మూసేద్దామంటావా?"

"ఉంచుదాం సార్."

"అమ్మయ్య! గట్టి కారణాలే దొరికి ఉంటాయి నీకు. పాయింట్లు పంపించు, ముందే అందరికీ ఇస్తాను."

వైజయంతి కొంగుకి అంటిన పొడి దులుపుకుంది. "రేపు పాయింట్లు ఉండవు సార్. బోర్డు మీటింగు షెడ్డులో పెట్టండి. నేను ఏమీ మాట్లాడను. అందరికీ తలా ఒక చేతిపిడీ, స్క్రూడ్రైవరూ ఇస్తాను. వాళ్ళ చేతులతోనే విప్పి, చక్రం మార్చి, ఆడి చూడమనండి." అవతల ఆయన ఇంకా ఏదో అడుగుతుండగానే ఫోన్ పెట్టేసింది.

మాస్టారు జేబులోంచి గవ్వలు తీసి నరసాయమ్మ గారి ముందు పెట్టారు. ఆవిడ వాటి వంక చూడలేదు. పిక్కలు గుప్పిట్లో ఊపుతోంది.

"కారణాలు దొరకలేదా?" అని అడిగారు మాస్టారు.

"లేదు మాస్టారూ." ఆమె తన బొటనవేలు చూసుకుంది. ఎర్రగా కంది, పొక్కు తేలడానికి సిద్ధంగా ఉంది. "వేలు కాలుతోంది."

"అయితే ఇక మాట్లాడకు," అన్నారు మాస్టారు. "టీ చల్లారిపోతోంది, తాగు."