రాజుగారి పుట్టుకకు సాక్షి ఎవరు?

ఈ కథ అబద్ధమనుకునేవాళ్ళు ఇప్పుడే లేవండి. చెప్పులు గుమ్మం దగ్గరే ఉన్నాయి. సగంలో "నిజంగానా తాతా?" అన్నారో, మళ్ళీ మొదటినుంచి ఎత్తుకుంటాను. మీ ఇంట్లో పొయ్యిమీద అన్నం మాడితే నా పూచీ లేదు.

ఒకానొక రాజ్యంలో ఒక రాజు, ఆ రాజుకొక తలనొప్పి. రాజ్యం మోదుగుకోట. రాజు ప్రచండ భూపతి. తలనొప్పిని నేనే, సింగరయ్యను.

రాజు చెడ్డవాడేమీ కాడు. కాకపోతే అద్దంలో తన్ను చూసుకుని తనకే దండం పెట్టుకునే రకం. అలాంటివాడికి తన చరిత్ర రాయించుకోవాలని బుద్ధి పుట్టింది. రాయడానికి ఆ రోజుల్లో నేను తప్ప ఎవడున్నాడు? నేను గంటం పట్టానంటే తాటిచెట్లు వాటంతటవే వంగి ఆకులందించేవి.

ఊరూరా తిరిగాను. విన్నవాళ్ళను పక్కనబెట్టి, చూసినవాళ్ళను అడిగాను. రాసిన ప్రతి ఆకు అడుగునా చిన్న అక్షరాలతో టిప్పణి వేశాను. ఈ సంగతి చూసినవారు ఫలానా, ఇది ఫలానా గుడి శాసనంలో ఉంది, ఈ మాట చెప్పినవాడికి కాస్త కోతలెక్కువ కనక తగ్గించి నమ్మండి, అని.

రాజు చదివి మొహం ముడుచుకున్నాడు.

"సింగరయ్యా! నా పుట్టుక కింద మంత్రసాని నూకాలు పేరేమిటి? నా విజయం కింద ఎవడో వంటవాడి పేరేమిటి?"

"చూసింది వాళ్ళు ప్రభూ. నేను కాదు."

ఆస్థాన పండితుడు పేరిశాస్త్రి శాలువా సర్దుకుని లేచాడు. "సూర్యుడున్నాడని చెప్పడానికి సాక్షులు కావాలటయ్యా?"

"సూర్యుడికి అక్కర్లేదు శాస్త్రిగారూ. అర్ధరాత్రి సూర్యుణ్ణి చూశానని రాసేవాడికి కావాలి."

సభలో ఎవరో కిసుక్కుమన్నారు. రాజుగారి మీసం నిక్కబొడుచుకుంది.

"ఆ పేర్లన్నీ తీసెయ్. ప్రతి సంగతి కిందా నా పేరే ఉండాలి. నా మాటకు మించిన ఆధారం ఈ రాజ్యంలో లేదు! విజయదశమినాడు నిండు సభలో చదవాలి. కాదన్నావో, గ్రంథం నిప్పుల్లోకి, నువ్వు పొలిమేర అవతలికి!"

"తల తీయించండి ప్రభూ, ఊరుకుంటాను. పేర్లు తీయమంటే ఊరుకోను!" నా గొంతుకి దూలాలమీది పావురాలు లేచి పక్క రాజ్యంలో వాలాయి. "అవి మాట ఇచ్చి తెచ్చుకున్న పేర్లు. తీసెయ్యడానికి నా సొత్తు కావు."

"అయితే నిప్పు రాజెయ్యండి" అన్నాడు రాజు.

ఊరూరా తిరిగి కూడబెట్టిన మాటలు. బూడిదైతే ఆ మనుషులు మళ్ళీ ఎక్కడ దొరుకుతారు? అప్పుడు తట్టింది నాకొక ఆలోచన. దాని బరువుకి నా తల వంగింది. రాజు అది వినయమనుకున్నాడు.

"చిత్తం. ప్రతి సంగతి కిందా తమరి పేరే వేస్తాను" అన్నాను.

ఇంటికి పోతుంటే నూకాలు దారికడ్డంగా నిలబడింది.

"ఏం బాబయ్యా, నా పేరు తీసేత్తన్నారంట? ఆ రాజుబాబు పుట్టి ఏడవకపోతే కాళ్ళట్టుకు తలకిందులుగా ఎత్తి ఈపుమీద సరిసింది నేను కాదా? ఒక్క దెబ్బకి సింగంలా అరిసేడు! నా పేరు నిలబడతాదనేగదా మీకు సెప్పింది. మీరూ ఆళ్ళలాటోరేనా?"

"దసరా దాకా ఓర్చుకో నూకాలూ. నీ పేరు తీసేస్తే ఆయన ఎలా పుడతాడో లోకమంతా చూస్తుంది."

దసరా సభకి పొరుగు రాజుల రాయబారులు వచ్చారు. పరదా వెనక మహారాణి కూర్చుంది. మోదుగుకోటలో ఒక ఆచారం ఉంది. నిండు సభలో గ్రంథం విప్పితే మంగళహారతి దాకా మూయకూడదు. చదివేవాణ్ణి ఆపకూడదు, రాజైనా సరే ఆసనం దిగకూడదు. దిగితే ఆ గ్రంథంలోని కీర్తి కూడా దిగిపోతుందట.

గొంతు సవరించుకున్నాను. కోట బయట ఏనుగులు సైతం చెవులు ఆడించడం మానేశాయి.

"మహారాజు పుట్టగానే సింహంలా గర్జించారు. ఆధారం: మహారాజు స్వయంగా మంచం పక్కన నిలబడి చూశారు."

ఒక రాయబారి తలపాగా సర్దుకుంటున్నట్టు మొహం దాచుకున్నాడు.

"మహారాజు తాతగారి పెళ్ళివిందులో నేతిని కాలువలుగా పారించారు. ఆధారం: మహారాజు పంక్తిలో కూర్చుని భోంచేశారు."

రాజు చెయ్యి ఊపాడు, చాలు చాలని. "ఆచారం ప్రభూ" అని ఆకు తిప్పాను.

"మహారాజు గాఢనిద్రలో పెట్టే గురకకు శత్రువుల వేగులు ఉరుములనుకుని పారిపోయేవారు. ఆధారం: నిద్రపోతున్న మహారాజే శ్రద్ధగా విన్నారు."

సభ పొట్ట పట్టుకుంది. రాజు సింహాసనం చేతులు గట్టిగా పట్టుకున్నాడు.

"ఓడిన శత్రురాజు రాత్రికి రాత్రి తన రాణి డేరాలో చీర కట్టుకుని పారిపోయాడు. ఆధారం: ఆ సమయానికి మహారాజు ఆ రాణి డేరాలోనే ఉన్నారు."

నవ్వులు ఠక్కున ఆగాయి. పరదా వెనక గాజులు గలగలమన్నాయి.

"ఆ వేళప్పుడు పరాయి రాణి డేరాలో ప్రభువులకేం పని?" అంది మహారాణి.

"నేను లేను!" రాజు లేవబోయి, ఆచారం గుర్తొచ్చి కూలబడ్డాడు. "నేను ఏటికి ఇవతల మన దండులోనే ఉన్నాను! చూసింది వాళ్ళ వంటవాడు!"

"తమరి మాటకు మించిన ఆధారం..."

"నా మాట నాకొద్దయ్యా! వాడి పేరు వెయ్యి! ఊరితో సహా వెయ్యి!"

మొలలోంచి గంటం తీశాను. "మరి తమరి పుట్టుక కింద?"

"నూకాలు!"

"తాతగారి పెళ్ళి కింద?"

"గుడిగోడ మీది శాసనం!"

"గురక కింద ప్రభూ?"

రాజు పరదా వైపు ఓరగా చూశాడు.

"నా పేరు వెయ్యి సింగరయ్యా" అంది పరదా వెనకనుంచి మహారాణి. "ఇన్నేళ్ళుగా విన్నదాన్ని నేనే."

అంతే. ముందు రాజుగారి భుజాలు కదిలాయి, తరవాత కిరీటం, తరవాత బురుజులు. ఆ నవ్వుకి కందకంలో మొసళ్ళు ఒడ్డుకొచ్చి చూశాయి! రాజు కళ్ళు తుడుచుకుంటూ నన్ను దగ్గరికి పిలిచి, తన చేతి కంకణం తీసి నా చేతికి తొడిగాడు.

"ఇకమీదట అడుగున పేర్లు లేని చరిత్ర నా గ్రంథ భాండాగారం గడప తొక్కకూడదు" అన్నాడు. "పేరిశాస్త్రిగారూ, మీ గ్రంథాలు కూడా తీసుకురండి. ఏ సంగతి ఎక్కణ్ణుంచి ఎత్తుకొచ్చారో అడుగున వేద్దురుగాని."

శాస్త్రిగారికి ఆ పూటే చలిజ్వరం పట్టుకుంది.

ఏం, ఇంకా మూతి విరుస్తున్నారా? అయితే వినండి. మొదటి వాక్యానికే నవ్వాపుకోలేక ద్వారం దగ్గరి భటుడు బల్లెం వదిలేశాడు. అది సరిగ్గా వాడి కాలి బొటనవేలి మీద పడింది. పేరు గవిరెడ్డి పోలినాయుడు. ఇంకా బతికే ఉన్నాడు. నోటిమాట నమ్మనివాళ్ళు వేలు చూపించమనండి.