గీతలు రాని బాతు

సుంకన్నకు అన్నం గొంతు దిగేది కాదు. కరువులో కూతురు పోయి రెండేళ్లు దాటినా అంతే.

నల్లమల అంచున, ఒక చెరువు పక్క గుట్ట మీద కంబగిరి తాత అనే సాధువు ఉండేవాడు. మఠమంటే ఒక పూరిపాక, ముందొక మట్టి అరుగు. సుంకన్న అక్కడే శిష్యుడిగా చేరి నీళ్లు మోస్తూ, కట్టెలు కొడుతూ కాలం గడుపుతున్నాడు. ఉండబట్టలేనప్పుడు ఒకే మాట అడిగేవాడు.

"సామీ, ఆ పొద్దు నేను ముందే కదిలుంటే నా బిడ్డ బతికేది కదా?"

తాత అతని ముఖంలోకి చూసేవాడే గాని బదులు చెప్పేవాడు కాదు.

కరువు మొదలైన ఏడాది, పాత కరువులు చూసిన ఊరి ముసలివాళ్లు, ఇళ్లలో ఇంకా నాలుగు గింజలుండగానే, పిల్లాజెల్లాతో తుంగభద్ర దాటిపోయారు. సుంకన్న పోలేదు. దొరలు గంజి పోయిస్తున్నారు, ఇవాళో రేపో వాన పడకపోదు అనుకున్నాడు. తల్లి లేని పిల్లను ఆ ఎండలో ఎట్లా నడిపించేదనీ అనుకున్నాడు. గంజి ఆగిపోయాక గాని బయల్దేరలేదు. అప్పటికి ఇద్దరిలోనూ సత్తువ లేదు. పిల్ల దారిలో, అతని భుజం మీదే కన్నుమూసింది.

ఈ ఏడు మళ్లీ వానలు సరిగా లేవు. చలికాలం వచ్చేసరికి చెరువు సగం ఎండింది. ఉత్తరం నుంచి ఏటా వచ్చే పెద్దబాతులు వచ్చి దిగాయి. తెల్లటి తల వెనక రెండు నల్లటి గీతలుండే బాతులవి. గట్టు కింద గడ్డిని కొరికి చూశాయి. నీళ్లు తాగాయి. మరునాడు పొద్దెక్కకముందే లేచి దక్షిణానికి సాగిపోయాయి.

అవి పోయాక ఇంకో ఐదు వచ్చాయి. వాటి తలల మీద గీతలు లేవు. వెంట పెద్దది ఒక్కటీ లేదు. వాటి తల్లీతండ్రీ దారిలో ఏ తుపాకీకి కూలాయో.

ఆ ఐదూ ఆగిపోయాయి. ఎండిన గడ్డిదుబ్బులనే రోజూ కెలికేవి. ఉన్న నూకల్లోంచి సుంకన్న రెండు పిడికెళ్లు చల్లి చూశాడు. ఆ నూకలు ఏ మూలకూ చాలలేదు. బాతుల మెడలు సన్నబడ్డాయి, నడక తడబడింది.

ఒక పొద్దున అతను గుట్ట మీద నిలబడి చూసి చూసి, ఉన్నట్టుండి కట్టె పట్టుకుని కిందికి పరుగెత్తాడు.

"పోండి! ఇంకా ఆగితే చస్తారు! పోండి!"

అవి లేచి గుట్ట చుట్టూ తిరిగి మళ్లీ అదే బురదలో దిగాయి. మళ్లీ తరిమాడు. మళ్లీ దిగాయి. మూడోసారి గొంతు చించుకుని అరుస్తూ నీళ్లలోకి దూకాడు. నాలుగు లేచి, ఈసారి వెనుదిరగకుండా దక్షిణంగా పోయాయి. ఎంతదూరం పోగలిగాయో ఎవరికీ తెలియదు.

ఐదోది రెక్కలు విప్పింది. లేవలేకపోయింది.

సుంకన్న దాన్ని ఎత్తుకుని గుట్టెక్కేసరికి దాని మెడ వాలిపోయింది. తెచ్చి తాత కాళ్ల దగ్గర పెట్టాడు.

"ఆగి నా బిడ్డను చంపుకుంటి. తరిమి దీన్ని చంపితి. నేను మనిషిని కాదు సామీ."

తాత బాతును ఒళ్లోకి తీసుకున్నాడు. రెక్కలు దగ్గరికి మడిచాడు. ముక్కుకంటిన బురద తన కండువాతో తుడిచాడు. తర్వాత దాని తల మీద వేలితో మెల్లగా నిమిరాడు.

"దీనికి గీతలు లేవేం?"

"ఈ ఏడు పుట్టిన పిల్ల సామీ. ఇంకా రాలేదు."

"ఈ చెరువు ఎండితే యాడికి పోవాలో దీనికి ఎరుకా?"

"ఎట్లా ఎరుకైతాది? ఇటు రావడమే ఇది మొదలు. చూపించే పెద్దది కూడా లేకపాయె."

"ఆ పెద్దవాటి లాగా మరునాడే పోకుండా ఇది ఆగిపోయిందని దీని మీద నీకు కోపమొస్తోందా?"

సుంకన్న తల అడ్డంగా ఊపాడు. "దీని మీద కోపమేంది సామీ! పసిది. పాపం, ఇంత గడ్డి కనపడితే ఆగింది."

తాత లేచి, బాతును తెచ్చి సుంకన్న రెండు చేతుల్లో పెట్టాడు.

"ఆ కరువుకు ముందు నువ్వెన్ని కరువులు చూసినావు, నాయనా?"

"ఒక్కటీ లేదు సామీ," అన్నాడు సుంకన్న. నిలబడ్డవాడు అట్లాగే అరుగు మీద కూలబడ్డాడు. బాతును గుండెకు హత్తుకుని "ఈరమ్మా" అన్నాడు. మళ్లీ, ఇంకా గట్టిగా, "నా తల్లీ, ఈరమ్మా" అన్నాడు.

రెండేళ్లలో కూతురి పేరు అతని నోట వినడం తాతకు అదే మొదలు.